అంకెకు సగం రేటు

బొల్లారంల పాత పరేడ్ మైదానం పక్క
నల్లరాయికి తెల్ల రంగు నింపే పని.
అక్షరానికి నాలుగు రూపాయలు,
అంకెకు సగం రేటే అన్నడు గుత్తేదారు.

తెల్లారకముందే పోయిన.
టూత్‌బ్రష్‌తోటి మట్టి తీసిన, పిట్టరెట్ట గీకిన,
ఒక దొర ఇంటిపేరుల కాపురం పెట్టిన చీమలను
నోటితో ఊది సాగనంపిన.

పైన దొరలు ముగ్గురు,
ఊరితో, పతకంతో, ఒక్కొక్కరికి ఒక్కో వరుస.
వాళ్ల కింద జమేదార్లు, సవార్లు,
చిన్నక్షరాలే గని పేర్లయితే ఉన్నయి.
తర్వాత ఒక గుర్రం. దాని పేరు డచెస్.
ఇంగ్లీషుల ఏడక్షరాలు, ఇరవై ఎనిమిది రూపాయలు.
అన్నిటికన్న అడుగున
సైసులు, ఆ పక్కన 7.
వీళ్లెవరి సమాధి ఎక్కడున్నదో తెలియదని
చివరి వరుస.

సైసంటే గుర్రాన్ని తోమెటోడు,
అది మేసినంక గని తను మెతుకు ముట్టనోడు.
మా తాత మేనమామ కాశప్ప అట్లనే ఓడెక్కిండు
ఉలవల బస్తాల నడుమ కూసొని.

రెండేండ్లకు సర్కారు చిట్టీ వచ్చిందట.
మున్షీ చదివి, దొరకలేదు అన్నడట.
సచ్చిండా అంటే, అట్ల రాయలేదన్నడట.
దొరకనోనికి గాజులెట్ల పగలగొట్టాలె?
పెత్రమాసకు బియ్యమెట్ల ఇయ్యాలె?
రాజవ్వ నలభై ఏండ్లు ఎర్రగాజుల చేతులతోనే
బర్రెలు పిండింది, పిడకలు కొట్టింది.
కల్లు దుకాణం కాడ ఎవడో నవ్వితే
"నీ నోట్లె మన్నువడ, ఆయన ఇంక తొవ్వల ఉన్నడు" అన్నది.
పెత్రమాస పెత్రమాసకు గిన్నెడు ఉలవలు ఉడికించి
గడప అవతల పెట్టేది,
మనిషి తొవ్వ మరిచినా గుర్రం మరువదని.

ఈ ఏడుగురిల కాశప్ప ఉన్నడో లేడో
నాకు తెల్వదు.
ఏడుకు ఉన్నయే రెండు గీతలు,
పైన ఒక అడ్డం, కిందికి ఒక ఏటవాలు.
అడ్డగీత మీద ముగ్గురు ఇరికి పండుకున్నా
తక్కిన నలుగురు జారుకుంటనే ఉండాలె గద.
బ్రష్షు ఆడనే ఆగింది.
ఒకసారి పూస్తే సరిపోయేదానికి మూడుసార్లు పూసిన.
రెండు రూపాయల పని.

పగటీలికి అల్వాల్ దిక్కు మొగులు పట్టింది.
రంగు ఆరాలంటే ఇంక గంట కావాలె.
నా దగ్గర ఉన్నది ఒక్కటే యూరియా సంచి.
"పైన కప్పు, పైన! పెద్ద సార్ల పేర్లు కారిపోతున్నయ్!"
వాచ్‌మన్ గొడుగు కిందికెంచి ఒర్రుతున్నడు.

నేను కిందనే గొంతు కూసున్న,
అంకె మీద సంచి పట్టుకొని,
రెక్కలు గుంజేదాక.

డచెస్ నుంచి తెల్లటి చుక్క ఒకటి తెగి
రాయి మీద కొంచెం తచ్చాడి
సంచి కిందికి దూరింది.