మూడింటి మెలకువ

నైట్ షిఫ్టు లేని రోజు కూడా
నాకు మూడింటికే తెల్లారిపోతుంది.

తొమ్మిదిన్నరకి క్వార్టరు సీసా పడుకోబెడుతుంది.
జోకొట్టదు.
పోర్టులో నా క్రేను కొక్కెం జారినట్టు
దభీమని వదిలేస్తుంది.
కల ఉండదు. పక్కనెవరున్నారో ఉండదు.
గురక మాత్రం వీధి చివరికి వినిపిస్తుందట.

మూడింటికి అదే సీసా
అప్పులవాడిలా తలుపు కొడుతుంది.
నాలిక ఎండు నెత్తళ్లు.
గుండె, డీజిలు అందని బోటింజను,
టకటక, ఆగి, మళ్లీ టకటక.

పెదజాలరిపేట మెట్ల మీద కూచుని
నిద్ర కోసమేనని ఒక సిగరెట్టు ముట్టిస్తాను.
రెండోది దేనికోసమో తెలీదు.
మిగిలిన కాస్త మగతా
పొగెంట పడి డాల్ఫిన్ కొండ వైపు పోతుంది.

దేవుడమ్మ అప్పటికే అక్కడుంటుంది,
అడ్డచుట్ట, నిప్పు నోటిలోపలికి పెట్టుకుని.
చీకట్లో దగ్గు ఒక్కటే ఆమె గుర్తు.
"నీకూ పట్టదేటి?"
"పడతాది క్రేను బాబూ, ఈ చుట్టయిపోనీ."
ఇంకోటి చుడుతుంది.

ఎలక్షన్లని మూడ్రోజులు షాపులు మూశారు.
మొదటి రాత్రి చేతులొణికాయి.
రెండో రాత్రి చెమటకి దుప్పటి పిండాను.
మూడో రాత్రి, ఎన్నేళ్లకో, ఓ కల:
అమ్మ గుమ్మంలో కూచుని
అరటికాయ చెక్కు తీస్తోంది.
నావైపు చూడలేదు.
లేచేసరికి అయిదున్నర, కాకులు.

నాలుగోనాడు తెరిచారు.
లైన్లో నా ముందు ఏడుగురు.
ఆ కాయ
ఎంతవరకు చెక్కిందో అనుకుంటూ
నిలబడ్డాను.