తోముడు మన్ను

వాగు పాత గట్టును కోసిన చోట
మన్ను గోడలా నిలబడింది.
పైన మూరెడు ఎర్ర చల్క,
అడుగున నల్ల ఒండ్రు, గులకరాళ్ళు,
నడుమ జానెడు మందాన
ఎవరో తాడు పట్టి గీసినట్టు
బూడిద రంగు చార.

టేపు ఒక కొస నా చేతిలో ఉంది.
రెండో కొస పట్టాల్సిన జహంగీరు
జీపు నీడలో బీడీ వెలిగించాడు.

"గది తోముడు మన్ను," అంది ఈదమ్మ
మేకల్ని అదిలిస్తూ.
"మా అత్త కాన్నుంచి సర్వలు దీంతోనే తోముతం.
ఇత్తడి అద్దమైతది."
ఒక పెడ్డ విరిచి చేతిలో పెట్టింది.

ఇంత పెడ్డకు ఇంత బరువని
చెయ్యి ముందే సిద్ధపడి ఉంటుంది.
ఆ సిద్ధపాటు వృథా అయి
నా అరచెయ్యి ఒక్క క్షణం పైకి లేచింది.

భూతద్దం కింద అంతా గాజు.
వంపు తిరిగిన పెంకులు,
పేలిన బుడగల అంచులు.
"ఇది ఇక్కడి మన్ను కాదమ్మా.
సముద్రాల అవతల కొండ పగిలి
డెబ్బై వేల ఏండ్ల కింద
ఆకాశంలోంచి రాలిన బూడిద."

ఆమె ఆకాశం వైపు చూడలేదు.
"మా కోడలొచ్చి మూడేండ్లాయె,
అదే ఊరిదైపాయె.
డెబ్బై వేల ఏండ్లున్నంక
గిదింకా పరాయిదెట్లైతది?"

నేను రాసుకుంటూ పోయాను.
వేళ్ళ మధ్య నలిపితే ముందు గట్టిగా ఉంటుంది,
ఉన్నట్టుండి జారుతుంది, తడి బయటపడుతుంది.
మిరుగు దాకా ఈ చార ఆరదట.
ఎండాకాలం మేకలు కడుపు ఆనించి పడుకునేది
ఇక్కడేనట.

"మరి పైన మడిల పత్తి ఎందుకు గిడసబారుతది?
సంచి మీద సంచి డీఏపీ గుమ్మరిస్తిమి."
భాస్వరాన్ని ఇది పిడికిట్లో పట్టుకుంటుందమ్మా,
వేరుకు చూపిస్తుంది, ఇవ్వదు.
"మా రేషన్ డీలరు లెక్క," అంది.

ఇక పరీక్ష.
మందు రాసిన కాగితం మీద చిటికెడు మన్ను,
సీసాలోంచి రెండు చుక్కలు.
బూడిద లోలోపల మారి ఉంటే
కాగితం ఎరుపు తిరగాలి.
నిమిషం.
ఇంకో నిమిషం. జహంగీరు బీడీ అయిపోయింది.
అంచున మొదలైంది,
పసిపిల్ల చెవితమ్మె రంగు.

"ఏం మందు బిడ్డా, గా సీసల?"

చీటీని బొటనవేలితో మూశాను.
మూసినట్టు నాకే తర్వాత తెలిసింది.
"ఫ్లోరైడు."

ఈ జిల్లాలో ఆ మాటకు
అర్థం చెప్పక్కర్లేదు.
బోరింగుకు పూసిన ఎర్ర రంగు అది.
ఆమె పండ్ల మీది గోధుమ గీతలు అవి.
ఇందాక ఆకాశం వైపు ఎందుకు చూడలేదో
అప్పుడు అర్థమైంది నాకు.
మెడ అంత పైకి లేవదు.

నవ్వింది.
"మా మోకాళ్ళు గుంజింది చాలదని
సీసలల్ల నింపుకొని తిరుగుతుండ్రా?"
కాగితం తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.
"గీ మన్ను దాన్ని పట్టుకున్నది.
అందుకే గద ఎర్రగైంది?"
అవును.
"ఇడిసిపెడ్తదా?"
అంత తేలిగ్గా విడిచిపెట్టదు.
"అట్లయితే కుండల ఏస్తే?"

నా ఫారంలో గళ్ళున్నాయి.
పొర లోతు, రంగు, వేళ్ళు దిగిన మేర,
సున్నం ఉందా లేదా.
ఈ ప్రశ్నకు గడి లేదు.
ల్యాబులో అడిగి చెప్తానన్నాను,
ల్యాబులో ఎవర్ని అడగాలో తెలియకుండానే.
"అప్పటిదాకా కలిపి తాగకమ్మా."
"కలపకుంటనే గద
యాభై ఏండ్లు తాగిన," అంది ఈదమ్మ.

పొద్దు వంగింది. మేకలు ముందు నడిచాయి.
కొంగున ఒక పెడ్డ ముడేసుకుంది.
సర్వ కోసమో, కుండ కోసమో
అడగలేదు నేను.

జీపు కుదుపుల్లో
నమూనా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
ఉందో లేదోనని
దేవరకొండ దాకా
తడుముకుంటూనే ఉన్నాను.