సున్న మరిచిన సంతకం

గురువారం పొద్దున, సొహార్‌ల,
టోకెన్ నంబరు నలభై ఏడు పట్టుకొని
నేనూ నా బిడ్డా ఏసీ కింద కూసున్నం.
బయట ఎండకు రోడ్డు నీళ్ళలెక్క మెరుస్తున్నది.
కొలిమి పక్కన పనిచేసేటోనికి
బ్యాంకు చలి ఎప్పుడూ కొత్తే.

బిడ్డ రెసిడెంట్ కార్డు ఈ నెలాఖరు దాకనే.
కార్డు పోయినంక ఖాతా గడ్డకడతదట,
పైసలు కనవడుతయి గని చెయ్యి పెట్టరాదట.
అందుకే ఇయ్యాలనే మూసెయ్యాలె.

నాలుగు వందల పన్నెండు రియాళ్ళు, మూడు వందల యాభై బైసాలు.
ఎనిమిదేండ్ల జమ.
అండ్ల పక్కింటి షంసా అవ్వ ఈద్‌కు ఇచ్చిన కొత్త నోట్లున్నయి,
రాజమణి జాకెట్లు కుట్టి దాచినయి ఉన్నయి,
నా ఓవర్‌టైం ఉన్నది,
నేను రెండుసార్లు తీసుకొని
మూడు నెలలకు మళ్ళ ఏసినయి గూడ ఉన్నయి.
ఆ సంగతి బిడ్డకు తెల్వదు.
స్టేట్‌మెంటుకు తెలుసు.

కౌంటరు కాడ జువైనా.
అరబ్బీ, హిందీ కలిపి, నవ్వుకుంటనే చెప్పింది:
"సంతకం కలుస్తలేదు."

స్రవంతి ఇంగ్లీషుల గీసిన సంతకం బాగనే ఉన్నది,
గాలి పట్టిన తెరచాపలెక్క.
జువైనా స్క్రీన్ మా దిక్కు తిప్పింది.
పదేండ్ల పిల్ల చేతిరాత. తెలుగు.
స మీద తలకట్టు వంకర,
ర వత్తు ఎండిన ఖర్జూర మట్టలెక్క కిందికి ఏలాడుతున్నది,
త మీద గుడి పక్కకు ఒరిగింది,
నడుమ సున్న లేనే లేదు.
స్రవతి.

"నేనేనా రాసింది?" అన్నది బిడ్డ.

నేనే నేర్పిన.
ఆ యేడు ప్రతి శుక్రారం, బువ్వ తిన్నంక,
అరటిపండ్ల డబ్బా అట్ట చింపి, దాని మీద.
తర్వాత బడిల హిందీ వచ్చింది, ఫ్రెంచి వచ్చింది,
నాకు నైట్ షిఫ్టు వచ్చింది.
అక్షరాలు ఏ తారీఖున తీసుకపోయిండ్రో
ఏ స్టేట్‌మెంటూ చూపియ్యదు.

డిపాజిట్ స్లిప్పు ఎనక మళ్ళ మొదలువెట్టినం.
నేను రాసి చూపెట్టిన, సున్నతోని.
"వద్దు నాన్నా, తప్పే రాయాలె."
నిజమే గదా.
పన్నెండో తరగతిల తొంభై నాలుగు తెచ్చుకున్న పిల్ల
పదేండ్లప్పటి తప్పును
అచ్చుగుద్దినట్టు నేర్చుకుంటున్నది,
నాలుక కొస బయటవెట్టి, అప్పట్లెక్కనే.
యాభై ఒకటో టోకెనాయన లేచి వచ్చి
మా భుజాల మీదికెళ్ళి తొంగిచూసిండు.
మూడోసారికి వంకర కుదిరింది.
"తమామ్" అన్నది జువైనా.

మూసిన ఖాతా కాయితం చేతిల పెట్టింది.
సున్న, చుక్క, మూడు సున్నలు.
ఈ దేశంల రియాలు ఎనక ఎప్పుడూ మూడంకెలు నిలవడుతయి.
"అండ్ల ఒకటి నీదేనేమో" అన్న.
బిడ్డ నవ్వలే.

కరక్ చాయ్ తాగుకుంట చెప్పేటియన్నీ చెప్పిన:
కొత్త ఖాతా మెట్‌పల్లిల ఉన్నది, నీ పేరు, నా పేరు.
కార్డు ఫోటో తీసి ఎవ్వరికీ పంపకు.
పిన్ను పుట్టినరోజు పెట్టకు.
ఐదు వేలకు తక్కువ దిగనియ్యకు, దిగితే కోస్తరు.
హాస్టల్ ఫీజు కట్టేటప్పుడు ఓటీపీ నా ఫోనుకే వస్తది.
ఎవ్వరికీ చెప్పొద్దని దాని మీద రాసుంటది గని
నీకు చెప్త.
ఎంత రాత్రయినా, కొలిమి పక్కన చెవు మూసుకొని,
ఆరంకెలు, ఒక్కొక్కటి ఆపి ఆపి.
ఇంకో మాటకు ఆ లైన్ల చోటుంటే చూద్దాం.

వింటున్నదో లేదో,
స్లిప్పు ఎనక ఇంకా ఏందో గీస్తనే ఉన్నది.
ఫోన్ల చూసుకుంట, ఒత్తి ఒత్తి.
వంగి చూసిన.
వరంగల్.
సున్న తప్పలే, గుండ్రంగ, పెద్దగ చుట్టింది.
గ మీద తలకట్టు మాత్రం మరిచింది.

నేనేం అనలే.
చాయ్ సల్లారుతున్నది, తాగమన్న.