తొడిమ తీసిన సి మేజర్

పన్నెండేళ్ళుగా నాకొచ్చిన గిటారు కార్డులు ఏడు.
ఆ ఏడింటితోనే పెళ్ళిళ్ళూ భూస్థాపనలూ
క్రిస్మస్ ముందు రాత్రి వీధి వీధీ తిరిగే పాటలూ
అన్నీ నెట్టుకొచ్చాను.
సి అంటే సీయే. చెయ్యి నిండా మోగాలి,
మందిరంలో చివరి బెంచీ దాకా వినపడాలి.

ఈస్టర్ తర్వాత కీబోర్డు వచ్చింది.
దాని వెనక ఫిన్నీ, ఇంటర్ సెకండియర్, పది వేళ్ళు.
మొదటి ఆదివారమే తెలిసింది
నేను వాయించేదంతా వాడు అప్పటికే వాయిస్తున్నాడని.
ఒకే కూర ఇద్దరం వండి
ఒకే గిన్నెలో పోసినట్టుంది.

కొత్తపేటలో మిక్సీలు బాగుచేసే సంసోను బాబాయి
ఒకప్పుడు పెళ్ళి బ్యాండులో గిటారు.
స్క్రూడ్రైవర్ నోట్లో పెట్టుకునే విన్నాడు నా గోడు.
"ఏటుకూరు రోడ్డులో నువ్వు చేసే పనేంటే?"
"తొడిమలు తీయడం."
"తొడిమ తీస్తే మిరపకాయ కాకుండా పోద్దా?"
"రేటు పెరుగుద్ది."
"మరి సి లోంచి సి తీసెయ్."

మూడో తీగ నాలుగో మెట్టు,
రెండోది ఐదు, ఒకటోది మూడు.
అంతే. లావు తీగల జోలికి పోవద్దన్నాడు.

కోల్డ్ స్టోరేజీ నుంచి ఇంటికొచ్చేసరికి తొమ్మిది.
కొబ్బరినూనె రాసినా చల్లారని వేళ్ళు,
వాటి కింద ఇనుప తీగ.
ఉంగరపు వేలు ఐదంటే నాలుగున్నర దగ్గర ఆగుద్ది.
పదకొండో రోజున మూడూ ఒకేసారి పలికాయి.
అది సి కాదు.
ఈ మైనర్. నాకు బాగా తెలిసిందే,
శవపేటిక దించేటప్పుడు వాయించేదాన్ని.
పక్క వాటాలోంచి మరియకుమారి గోడ తట్టింది:
"ఎవరు పోయారే?"

ఫోన్ చేస్తే బాబాయి నవ్వాడు.
"ఒక్కదానివే వాయిస్తే ఏడుపే.
అడుగున ఎవడో ఒకడు సి వెయ్యాలి."

ఆదివారం, రెండో పాట.
వేళ్ళు పెట్టి, గీసీ గీయకుండా మీటాను.
ఫిన్నీ ఎడమచేతి చిటికెన వేలు సి మీద పడింది.
నా ఏడుపు ఏడుపుగానే ఉంది,
దాని కింద ఎవరో నేల పరిచారు.
ఎట్టా చెప్పను,
ఏప్రిల్ ఎండలో యార్డు ముందు నడుస్తుంటే
ఘాటుకి కళ్ళు కారుతుంటాయి,
అది ఏడుపు కాదని కళ్ళకీ తెలుసు, అట్టా.

చివరి బెంచీకి ఏమీ వినపడి ఉండదు.
ఫిన్నీ తల తిప్పి చూశాడు. అంతే.
ఇంకా ఆరు కార్డులున్నాయి, తొడిమలతోనే.

ప్రార్థనయ్యాక వచ్చి గిటారు అడిగాడు.
నాలుగు, ఐదు, మూడు, చూపించాను.
వేళ్ళకి కాయలు లేని పిల్లాడు,
నొక్కాడు, విదిలించుకున్నాడు, మళ్ళీ నొక్కాడు,
చెమట పట్టి కళ్ళు నులుముకున్నాడు.
ఆ మెడంతా వారం రోజుల తేజ కారం పట్టి ఉందని
చెప్పేలోపే
రెండు కళ్ళూ ధారలు.

పాస్టరమ్మ గారు దూరం నుంచి చూసి
పాట పిల్లాణ్ణి ఎంత పట్టిందో అని మురిసిపోయింది.
నేను మగ్గు పట్టుకుని
పంపు దగ్గరికి పరిగెత్తాను.