మంచు మూట

రాత్రి రెండు దాటినంక మంగళ్‌హాట్‌ల
డీసీఎం ఎనక నాలుగు బురుజులు ఎక్కించినం.
ఒక్కొక్కటి పన్నెండు అడుగుల థర్మాకోల్,
ఎత్తితే పసిపిల్ల బరువు గూడ లేదు.
తాళ్లు గట్టిగ బిగియ్యి అన్నడు లక్ష్మణాచారి,
బరువు లేనిదానికే పారిపోవుడు ఎక్కువ.

శంకర్‌పల్లి తొవ్వల, గుట్ట మీది ఫంక్షన్ హాల్.
పెండ్లిపిల్ల మంచుకొండల నడుమ కోట అడిగిందట.
ఫోన్ల ఫోటో పంపిండ్రు:
తెల్లటి కొండ, సూదిమొనల కప్పులు,
కింద మెలికల రోడ్డు మీద ఒక ఎర్ర కారు.
కారు మీకొద్దు, అది వాళ్లే తెచ్చుకుంటరు
అన్నడు మేనేజరు.

నేను ఎనక, బురుజుల నడుమ కూసున్న.
క్యాబిన్‌కు అద్దం లేని కిటికీ, అందుల రెండు మెడలు.
స్టీరింగ్ పట్టిన మెడ ముత్యాలుది,
పదిహేడేండ్లు మిల్ట్రీల
ద్రాస్ దాక రేషన్ లారీ తోలినోడు.
మా ముగ్గురిట్ల మంచును చూసినోడు ఆయనొక్కడే.
ఎట్లుంటదే అంటే
"చప్పుడుండదు" అన్నడు, గేరు మార్చి,
లంగర్‌హౌజ్ దాటేదాక ఇంకేం జెప్పలే.

కుడి పక్క గోలకొండ.
లైట్లు ఆర్పేసిన్రు. గుట్టేదో గోడేదో ఏర్పడ్తలేదు.
చారి మెడ అటే తిరిగింది.
వాళ్ల తాత టేకు తలుపులు చెక్కేటోడు,
ఉలి ఒక్కసారి జారితే వారం తిండి బోయేదట.
ఈయనది ఎర్రగ కాలిన తీగె,
వెన్నల దింపినట్టు దింపుతడు, పొగకు దగ్గుతడు.
నాలుగు దినాలు కట్టినం, ఒక్క రాత్రి నిలవడాలె
అని నవ్విండు,
మల్ల కిటికీ దిక్కు చూడలే.

ఇబ్రహీంబాగ్ మలుపుల తాడు తెగింది.
మూడో బురుజు డాలాకు రాసుకుంటుంది కీసుకీసుమని,
చూస్తుండంగనే గింజలు లేచినయ్.
ముందుగాల పది. తర్వాత
లెక్కబెట్టుడు ఇడిసిపెట్టిన.
ఎనక రోడ్డంత తెల్లగైతుంది.
తారామతి బారాదరి కింద కుక్క ఒకటి
నోరు తెరిచి ఎగిరి పట్టుకుంటుంది,
ఉమ్మేస్తుంది, మల్ల ఎగురుతుంది.
స్కూటీ మీద పాలప్యాకెట్ల పిలగాడు
బ్రేక్ ఏసి చెయ్యి చాపిండు.
నేను ఆపుమని అరవాలె.
అరవలే.
రెండు నిమిషాలు అరవలే.
ఆ రెండు నిమిషాలకు మేనేజరు మూడు వేలు కోసిండు.

నార్సింగి కాడ ఆగి తాడు ముడేసినం.
కోకాపేట మేడలు పొగమంచుల
తలకాయలు లేకుంట నిలవడ్డయ్.
నారింజ కోటు తొడిగిన ఊడ్చే ఆమె
చీపురు చంకల పెట్టుకొని
"ఏందయ్యా గిది, ఇప్పుడే ఊడ్చిన గదా" అన్నది.
ముత్యాలు గింజలు అరచేతిల పోసుకున్నడు.
"అసలుది గింత తెల్లగుండదు,
రెండో దినానికే డీజిల్ మసి.
మా సోపతిగాడు ఉచ్చకని బండి దిగిండు.
తెల్లారి దొరికిండు."
చెయ్యి ప్యాంటుకు తుడుసుకున్నడు,
గింజలు పోతలేవ్, ప్యాంటుకే అంటుకుంటున్నయ్.

గుట్ట మీద దించేసరికి
మూడో బురుజు కడుపు ఎవలో కొరికినట్టున్నది.
పత్తి, ఫెవికాల్, దొడ్డుప్పు.
పక్కనుంచి ఫోటో తీస్తే కొండచరియ అనుకుంటరట.
నిలవెడ్తుంటే చూసిన, ఎనక దిక్కు,
గోడకు ఆనిచ్చే దిక్కు,
చారి ఒక టేకు తలుపు పువ్వు చెక్కిండు.
ఎనిమిది రేకులు, నడుమ బొడిపె.
ఇదెవరడిగిన్రు అన్న.
"నిచ్చెన పట్టు" అన్నడు.

ఎండ పడ్డంక ఖాళీ బండిల ఎనక్కి.
నార్సింగి కాడ ఆమె ఇంకా ఉన్నది,
సిమెంటు సంచి నిండ మంచు కూరి మూతి కట్టింది.
చెయ్యి అడ్డం పెట్టి బండి ఆపింది:
"తలగడకు పనికొస్తదా?"
"చప్పుడుంటదమ్మా" అన్నడు ముత్యాలు.
"ఉండనీ,
మా ఇల్లు రోడ్డు పక్కనే."