మూడో నిమిషం గంట

నా పని గంట కొట్టడం.
రెండున్నర నిమిషాలకు ఒకసారి, మూడుకు రెండుసార్లు.
యూనివర్సిటీ పాత హాల్లో ఫ్యాన్లు కిర్రుమంటున్నాయి.
కిటికీ అవతల, దూరంగా సముద్రం మీద
బూడిదరంగు ఓడ ఒకటి లంగరేసుకుని ఉంది.
బోర్డు మీద సుద్దతో విషయం రాశారు:
జనం చస్తున్న దేశంలోకి
పరాయి సైన్యం అడుగు పెట్టవచ్చునా?

ఆమదాలవలస నుంచొచ్చిన బొడ్డేపల్లి వినీల
మైకు అందక మునివేళ్ళ మీద నిలబడి అంది:
"ఎదురింట్లో పిల్లని చావగొడుతుంటే
తలుపు తట్టడానికి కాయితాలు కావాలా సార్?
ఇల్లు వాళ్ళదే.
ఏడుపు వీధంతా వినబడుతోంది."
చప్పట్లు. గంట.

గాజువాక కుర్రాడు తౌఫీక్
చొక్కా చేతులు మడతపెట్టి నెమ్మదిగా లేచాడు.
"తట్టండి. లోపలికీ రండి.
కాని తట్టినవాడు హాల్లో మంచం వేసుకుంటే?
కొట్టినవాడి కర్ర లాక్కుని
దాని మీద తన పేరు చెక్కించుకుంటే?
అప్పుడా పిల్ల ఏ ఇంటికేసి చూసి ఏడవాలి?"
చప్పట్లు, కొంచెం ఎక్కువ. గంట.

ఈ చేతులతోనే నేను
ఎనభై ఏడులో ఓడ కడుపులో సరుకు లెక్కపెట్టాను.
ఎడమ పక్క బియ్యం బస్తాలు, పాలపొడి డబ్బాలు.
కుడి పక్క తూటాల పెట్టెలు.
ఒకే చలానా. ఒకే సంతకం, నాది.
అలకి ఓడ ఒరిగినప్పుడల్లా
అవీ ఇవీ ఒకదాన్నొకటి ఆనుకునేవి.

ఆ దీవిలో మొదటి వారం దండలు.
ఒక ముసలామె కొబ్బరిబొండాం చెక్కి చేతిలో పెట్టి
నా గడ్డం పుణికింది. భాష తెలీదు, అర్థమైంది.
ఐదో నెలలో, మనుషులు చాలక
స్టోరువాణ్ణి నన్నూ తనిఖీకి పంపారు.
అదే ఇల్లు. అవే బొండాలు, అదే కత్తి.
మా లెఫ్టినెంటు పరుపు చింపించాడు.
దూది ఇల్లంతా ఎగిరింది.
ఆమె దగ్గుతూ ఒకే మాట అడిగింది,
అప్పటికి నాకా భాష కొంచెం వచ్చు:
"ఎప్పుడు పోతారు?"

బయల్దేరేటప్పుడు బ్యాండు వాయించారు.
ఇక చాలు, రమ్మని
గంట కొట్టేవాణ్ణి మాత్రం
ఓడలో ఎక్కించుకోలేదు.

అయితే కుర్రాడిదే గెలుపా?
ఆగండి, మా నాయనమ్మ ఉంది.
రంగంలో రేవు కూలీ పెళ్ళాం. బాంబులు పడ్డాక
కొండల్లోంచి నెలల తరబడి నడిచొచ్చింది.
దొరల లారీలు పక్కనుంచే పోయేవంట,
కుక్కలక్కూడా చోటుండేదంట వాటిల్లో.
తోవలో చిన్నాణ్ణి ఒక రాయి మీద కూచోబెట్టి
నీళ్ళు తెస్తానని వెళ్ళింది.
అక్కడితో ఆపేసేది, ఎప్పుడు చెప్పినా.
కంచరపాలెం అరుగు మీద చుట్ట ఆరిపోయేదాకా కూర్చుని
ఇంతమటుకే అనేది:
"ఆ దినం ఎవుడొచ్చినా ఒద్దనకపోదును రా.
ఏ జెండా ఐనా, దెయ్యం జెండా ఐనా.
ఎప్పుడు పోతావురా అని
నీల్లు తాగినాక అడుగుదును."

కప్పు వినీలకిచ్చారు.
సాయంత్రం బీచిలో సబ్‌మెరీన్ నీడన
ఇద్దరూ ఒకే పొట్లంలో మురీ మిక్చర్ తింటున్నారు,
ఇంకా వాదించుకుంటూనే.
పల్లీలు ఏరి ఆమె, ఉల్లిపాయలు వదిలేసి అతను.
"మసేను తాతా, నువ్వు నేవీ కదా,
నువ్వేటంతావు?"

ఏటంతాను బాబూ.
వెళ్ళొద్దంటే నాయనమ్మ ఆ రాయికేసి చూస్తుంది.
వెళ్ళమంటే గొంతులో దూది అడ్డం పడుతుంది.
"చలానాలు రెండు రాయండి," అన్నాను.
"బియ్యానికొకటి, తూటాలకొకటి.
సంతకం మాత్రం ఒకడిచేత పెట్టించకండి."
వాళ్ళు మర్యాదకి నవ్వారు.

లైట్‌హౌస్ వెలుగు ఒక చుట్టు తిరిగి నీళ్ళమీద పడింది.
పొద్దున్నున్న ఓడ లేదు.
ఏం ఎక్కించుకుందో, ఎటు వెళ్ళిందో.
జేబులో గంట నాలుకని
రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుని
ఇంటిదాకా నడిచాను.