నూరు శాతంలో చూస్తే

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా మా కొట్టు.
పెళ్లి ఫ్లెక్సీలు, పెద్దకర్మ కార్డులు,
జీడిపప్పు డబ్బాల మీద అతికే లేబుళ్లు.
సదస్సు పోస్టరంటే ఏమిటో
ఆవిడ తెచ్చేదాకా నాకు తెలీదు.

తామాడ హైమవతి. నర్సింగు కాలేజీలో పాఠాలు చెబుతుంది.
మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు,
ఎల్లుండి పొద్దున్నకి భువనేశ్వర్లో గోడ మీద ఉండాలట.

తెరిచాను.
చిన్న స్లైడు, దాన్నే సాగదీసింది.
తెలుగంతా విరిగిపోయింది,
వత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట.
'చేతులు' అన్న మాటలో
కొమ్ము ఊడి పక్క డబ్బాలోకి దొర్లింది.

"ఇది అచ్చుకి ఎల్లదు మేడం."
"ఎందుకెల్లదు?"
చెప్పాను, లక్ష్మున్నాయుడు గారు నాకు నేర్పినట్టే:
తెర వెలుగుతో రంగులు చూపిస్తుంది, మిషను సిరాతో.
అక్కడ నాలుగే రంగులు, అందులో ఒకటి నలుపు.
మిషను శ్రీకాకుళంలో ఉంది, అక్కడ ఎవరూ దిద్దరు.
చుట్టూ మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వెయ్యాలి,
కత్తి ఎప్పుడూ గీత మీదే నడవదు కనుక.
ఆ మూడు మిల్లీమీటర్లు
కోసి పారెయ్యడానికే పుడతాయి.

ఆవిడ చిన్న నోటుబుక్కులో రాసుకుంది.
రాసుకునే కస్టమర్ని నేనెప్పుడూ చూళ్లేదు.

తెలుగు మళ్లీ నేనే కొట్టాను, రాత్రి పదకొండు దాకా.
రెండుసార్లు కరెంటు పోయింది.
ఇన్వర్టరు కుయ్యోమన్నప్పుడల్లా
సేవ్, సేవ్, సేవ్.

అప్పుడు నడుమనున్న ఫొటో
నూరు శాతంలో పెట్టి చూశాను.
ఒక ఆడమనిషి అరచెయ్యి.
తెర నిండా బొటనవేలు.
మసక.
"ఫొటో బాగా నేదు మేడం. వాట్సాప్లోంచి తీసేరా?
ఒరిజినల్ తెండి."
"అదే ఒరిజినల్."

సరే, నా విద్య నాకుంది.
షార్పెన్ నొక్కాను. ఒకటి. రెండు. మూడోసారికి
వేలి మీద గీతలు లేచాయి,
దున్నిన మడిలో చాళ్లలా
సుడులు తిరిగి, చక్కగా.
గర్వంగా కుర్చీ పక్కకి జరిపాను, ఆవిడ చూడాలని.

చాలాసేపు మాట్లాడలేదు.
"తీసెయ్ బాబూ."
"ఏటి మేడం?"
"ఆ గీతలు. ఆవిడవి కావు, నీ కంప్యూటరువి.
ఫొటో మసక కాదు. వేలే అలాగుంది.
ఇరవయ్యేళ్లు జీడిపిక్కల సొన తినేసినాక
మరింకేటి మిగుల్తాది?
రేషను మిషను మీద వేలు పెడితే
నువ్వెవరో తెలీదంటాది."

వెనక్కి. వెనక్కి. వెనక్కి.
ఇరవయ్యేళ్ల పని
మూడు నొక్కుళ్లలో.

మణికట్టు దగ్గర పచ్చబొట్టు, సగం పేరు.
"అది కనబడకూడదు. చెప్పనని మాటిచ్చాను."
బొమ్మని కిందికి జరిపాను.
పేరు కోతగీత అవతల పడింది,
ఒక్క అక్షరం తోక తప్ప. అదీ కత్తికే.
కానీ నేను చదివేశాను.
రోజూ సాయంత్రం మా కొట్టు మెట్టు మీద కూచుని
ఆటో కోసం చూసే మనిషి.
నేనూ చెప్పను.

అక్షరాల్ని కర్వులుగా మారిస్తే
ఏ కంప్యూటర్లోనూ ఇక విరగవు,
ఇక దిద్దడానికీ లొంగవు.
"తప్పులుంటే ఇప్పుడే చెప్పండి."
వేలు పెట్టి చదివింది, పప్పులో రాళ్లేరినట్టు.
ఒక్కచోట ఆగింది: "కూలీలు కాదు, కార్మికులు."
దిద్దాను.
ఫైనల్. ఫైనల్ రెండు. ఇదే ఫైనల్.

మర్నాడు సాయంత్రం బస్సు డ్రైవరు
గొట్టంలో చుట్టిన కాగితం చేతికిచ్చాడు.
రాత్రి బండికి ఇంకా టైముంది. బల్ల మీద పరిచాం.
మెట్టు మీద ఎవరో కూచున్నారు, నేను అటు చూడలేదు.

కాగితం మీద మెరుపు పొర.
ఎక్కడ పట్టుకున్నా నా వేళ్లు అంటుకుంటున్నాయి.
చొక్కా అంచుతో తుడిచాను. మళ్లీ పడ్డాయి.
ఆ నున్నటి అరచేతి పక్కనే
సుడులు తిరిగి, చక్కగా,
నావి.